ఎంటెక్‌లో ప్రమోట్ అయితే పాస్ అయినట్టేనా?

ఈరోజు విషయం కొంచెం పొడిగా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. రూల్స్ గురించి కదా, మరి. కానీ మీరు ఎంటెక్ చేస్తున్నా, మీ ఇంట్లో ఎవరైనా చేస్తున్నా చివరిదాకా వినండి.

నేను చదివింది బీటెక్కే. ఈ ఎంటెక్ రూల్స్ నా నెత్తిన పడింది మా పెద్దమ్మ కొడుకు వల్ల. నాకు అన్న వరస. ఒకరోజు సాయంత్రం మా కార్వేటినగరం పుష్కరిణి మెట్ల మీద కూర్చోని ఉన్నాం. "రేయ్, థీసిస్ అయిపోయింది, గైడ్ ఓకే అన్నాడు, కానీ సబ్మిట్ చేయనీయడం లేదురా" అన్నాడు. ఎందుకనా అంటే, ఫస్ట్ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్ట్ మిగిలిపోయిందంట. "మరి రెండు, మూడు, నాలుగు సెమిస్టర్లకి నిన్ను ఎట్లా పంపించినారు?" అన్నాను. ఆ ప్రశ్నకి ఇద్దరికీ జవాబు తెలీదు. ఆ రాత్రి రెగ్యులేషన్స్ పీడీఎఫ్ తీసి కూర్చున్నా.

మన పక్క కాలేజీలు చాలావరకు అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉంటాయి. 2008లో పాత జేఎన్‌టీయూని విడదీసినప్పుడు ఏర్పడిన యూనివర్సిటీ అది. నేను చెప్పేది ఆ అనుబంధ కాలేజీల ఎంటెక్ రూల్. అటానమస్ కాలేజీలకి వాళ్ళ పుస్తకం వేరే ఉంటుంది, ఎస్వీ యూనివర్సిటీకి వేరే. మీరు చేరిన సంవత్సరం రెగ్యులేషన్ ఏదో అదే మీకు వర్తిస్తుంది, జూనియర్ల పుస్తకం చూసి మోసపోవద్దండి.

బీటెక్‌లో మనకి అలవాటైంది ఏంది? క్రెడిట్లు ఇంత శాతం రాకపోతే డిటెన్షన్, పై ఏడాదికి పోలేవు. ఆ భయంతోనైనా సప్లీలు రాస్తాం. ఎంటెక్‌లో ఆ గేటు లేదు. ఒక సెమిస్టర్ నుంచి ఇంకో సెమిస్టర్‌కి పోవడానికి చూసేది అటెండెన్స్. ఉన్న సబ్జెక్టులన్నీ పోయినా సరే, అటెండెన్స్ ఉంటే పై సెమిస్టర్‌కి పోతావు. మా అన్న దీన్నే "పాస్" అనుకున్నాడు. ఆయన్నే అనడం ఎందుకు, నేనైనా అదే అనుకునేవాడిని.

సరే, ఆ అటెండెన్స్ సంగతి చూద్దాం. మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం, మెడికల్ సర్టిఫికెట్ చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ తీసుకోవచ్చు. 65 కన్నా తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. ఉద్యోగం చేసుకుంటూ ఎంటెక్ చదివేవాళ్ళు ఒక లెక్క వేసుకోండి. సెమిస్టర్‌కి 16 వారాలు, వారానికి 6 రోజులు అనుకుంటే 96 రోజులు. వారానికి రెండు రోజులు ఎగ్గొడితే 64 రోజులు వచ్చినట్టు, అంటే 66.67 శాతం. కండొనేషన్‌తో గట్టెక్కుతావు. దాని మీద ఇంకో రెండు రోజులు జ్వరం వచ్చిందనుకో, 62 రోజులు, 64.58 శాతం. అయిపోయింది. రెండు రోజుల జ్వరానికి ఒక ఏడాది!

ఇప్పుడు మార్కులు. థియరీ సబ్జెక్ట్‌కి ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 40 శాతం, అంటే 24 రావాలి. రెండూ కలిపి 50 రావాలి. రెండు షరతులూ నెరవేరాలి. ఇంటర్నల్ 38 ఉండి ఎక్స్‌టర్నల్ 22 వస్తే మొత్తం 60 అయినా ఫెయిలే. మా అన్నది దీనికి తలకిందులు. ఆయన ఇంటర్నల్ 16. మిడ్ పరీక్షలప్పుడు బెంగళూరులో ఇంటర్వ్యూలకి తిరిగినాడు, దాని ఫలం. 16 ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 34 తేవాలి. సప్లీ రాసిన ప్రతిసారీ 29, 31, మళ్ళీ 31. ఆ 31 మామూలుగా అయితే మంచి మార్కే! ఇంటర్నల్ 20 ఉన్నవాడు 31 తెస్తే పాస్.

ఇట్లాంటివాళ్ళ కోసమే ఒక దారి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఇంటర్నల్ సగం కన్నా తక్కువ ఉండి, సబ్జెక్ట్ ఫెయిల్ అయితే ఆ సబ్జెక్ట్‌కి ఒకసారి రీ-రిజిస్టర్ చేసుకోవచ్చు. పాత మార్కులు, ఇంటర్నల్ ఎక్స్‌టర్నల్ రెండూ రద్దు. జూనియర్లతో కూర్చొని క్లాసులు వినాలి, ఆ సబ్జెక్ట్‌కి అటెండెన్స్ విడిగా లెక్కేస్తారు. ఒక్క ఛాన్సే.

ఫస్ట్ సెమిస్టర్ సబ్జెక్ట్ ఏడాదికి ఒకసారే నడుస్తుంది కదా. మా అన్న రెండో ఏడాది పట్టించుకోలేదు, మూడో ఏడాది "ఈసారి సప్లీలో కొట్టేస్తా" అన్నాడు. థీసిస్ రిజిస్టర్ చేసిన 40 వారాల తర్వాత సబ్మిట్ చేయొచ్చు, కానీ థియరీ, ల్యాబ్ అన్నీ పాసైతేనే. ముందు ఏ తలుపూ వేయకుండా పంపించి, చివర్లో ఇక్కడ ఆపుతారు. పైగా మొత్తం కోర్సుకి చేరిన ఏడాది నుంచి నాలుగు అకడమిక్ సంవత్సరాలే గడువు. దాటితే సీటు పోతుంది. చదివిందంతా పోయినట్టే. గేట్ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్ళకి నెలకి 12,400 వచ్చేది కూడా 24 నెలలే, తర్వాత ఖర్చంతా ఇంట్లోవాళ్ళదే.

పెద్దమ్మకి ఇదంతా తెలీదు. "కోర్సు అయిపోయింది, సర్టిఫికెట్ రావాల" అని ఊర్లో చెప్పుకుంటా ఉండేది. అది వింటే మా అన్న తల దించుకొని లేచిపోయేవాడు.

చివరికి నాలుగో ఏడాది మొదట్లో రీ-రిజిస్టర్ చేసినాడు. ఆఫీసులో నైట్ షిఫ్ట్ అడుక్కొని, ఇంటి నుంచే పని చేసుకుంటా, పొద్దున్నే బస్సెక్కి పోయేవాడు. క్లాసులో జూనియర్లు మొదటిరోజు ఆయన్ని లెక్చరర్ అనుకోని లేచి నిలబడినారంట. వారం తర్వాత వాళ్ళే నోట్స్ ఇచ్చినారు, ఈయన వాళ్ళకి కోడింగ్ చెప్పినాడు. ఇంటర్నల్ 31 వచ్చింది, ఎక్స్‌టర్నల్ 35. ఆ రిజల్ట్ చూపించడానికి రాత్రి పదకొండుకి మా ఇంటి తలుపు కొట్టినాడు.

థీసిస్ ఇచ్చేసినాడు, వైవా అయింది. ఆ రోజే పెద్దమ్మకి మొత్తం చెప్పినాడు. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలా. తర్వాత "అంటే మూడేండ్లు నాకు అబద్ధం చెప్పినావా?" అనింది. దానికి మాత్రం మా అన్న దగ్గర రెగ్యులేషన్ ఏదీ లేదు.

మీ మార్కుల మెమోలు ఇప్పుడే తీసి, ఇంటర్నల్ 20 కన్నా తక్కువ ఉన్న సబ్జెక్టులు ఏవో చూసుకోండి. కొత్త బ్యాచ్ సెమిస్టర్ మొదలయ్యే ముందే రీ-రిజిస్ట్రేషన్‌కి అడగాలి, ఆలస్యమైతే ఇంకో ఏడాది. వచ్చే వీడియోలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.