ఒకే ఇంటర్, రెండు తలుపులు: సైన్యంలో చదువు ఖరీదు

(ముఖర్జీ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి నన్ను పిలిచిన తమ్ముడు పోయిన వారం ఫోన్‌లో ఒక మాట అడిగాడు. "అన్నా, డిగ్రీ మూడో ఏడాది ఆపేసి అగ్నివీర్‌కు వెళ్లిపోనా? వయసు దాటిపోతోంది. ఇంట్లో నెలనెలా డబ్బు పంపడం కష్టమవుతోంది." ఫోన్‌లో నేను జవాబు చెప్పలేదు. ఇవాళ చెబుతాను. అది ఆ తమ్ముడి ఒక్కడి ప్రశ్నే అయితే విడిగా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. మన వాడల్లో, తండాల్లో ఇంటర్ పాసైన ప్రతి పిల్లాడి ప్రశ్న అది.

ముందు లెక్కలు చూద్దాం. 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 7వ వేతన సంఘం పట్టిక ప్రకారం సిపాయి మూల వేతనం 21,700 రూపాయలతో మొదలవుతుంది. లెఫ్టినెంట్‌ది 56,100తో మొదలవుతుంది. దీనికి మిలిటరీ సర్వీస్ పే కలుస్తుంది. సైనిక జీవితంలోని ప్రత్యేక కష్టాలకు ఇచ్చే డబ్బు ఇది. సిపాయి నుంచి సుబేదార్ మేజర్ దాకా 5,200, ఆఫీసర్లకు 15,500. రెండూ కలిపితే సిపాయికి 26,900, లెఫ్టినెంట్‌కు 71,600. కరువు భత్యం ఈ మొత్తం మీదే శాతంగా లెక్కిస్తారు కాబట్టి, అది పెరిగిన ప్రతిసారీ ఇద్దరి మధ్య రూపాయల దూరం కూడా పెరుగుతుంది.

ఈ రెండు మెట్ల మధ్య చదువుకు విడిగా కొన్ని ధరలున్నాయి. సాంకేతిక విభాగాల్లో ఎక్స్ గ్రూప్ జవానుకు ఏఐసీటీఈ గుర్తించిన డిప్లొమా ఉంటే నెలకు 6,200 అదనం. అదే గ్రూప్‌లో ఆ డిప్లొమా లేకపోతే 3,600. డిగ్రీ చదివి ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్‌లో చేరితే నేరుగా హవల్దారే, 29,200తో మొదలు. చదువుకు విలువ లేదని ఎవరూ అనలేరు. ఆ విలువ ఎవరికి, ఏ తలుపు దగ్గర దక్కుతోందన్నదే మనం అడగాల్సింది.

డిగ్రీ పూర్తి చేసిన కుర్రాడు జనరల్ డ్యూటీ జవానుగా చేరాడనుకోండి. అతని జీతం పదో తరగతితో చేరినవాడి జీతమే. జేబులో డిగ్రీ కాగితం ఉన్నా సైన్యం లెక్కలో అతను సిపాయే. ఇప్పుడు అటు వైపు చూడండి. ఎన్‌డీఏకి వెళ్లేవాడి చదువు ఇంటరే. మూడేళ్లు ఖడక్‌వాస్లాలో చదివి, జేఎన్‌యూ డిగ్రీ తీసుకుని, డెహ్రాడూన్‌లో శిక్షణ ముగించి లెఫ్టినెంట్‌గా బయటికొస్తాడు. ఆ డిగ్రీని ప్రభుత్వమే చదివిస్తుంది. అంటే ఇద్దరు పిల్లలు ఒకే ఏడాది, ఒకే మార్కులతో ఎంపీసీ పాసైనా ఒకడు 56,100 మెట్టు దగ్గర నిలబడతాడు, ఇంకొకడు టెక్నికల్ అగ్నివీర్ వరసలో నిలబడతాడు. ఇద్దరిదీ ఒకే ఇంటర్. మరి తేడా ఎక్కడుంది?

ఎన్‌డీఏ, సీడీఎస్ ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. ఇంగ్లీషుకు విడిగా మార్కులున్నాయి. దాటాక ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. ఐదు రోజుల పాటు మీ మాట తీరు, నడక, గుంపులో మీరు ముందుకొచ్చే పద్ధతి అన్నీ చూస్తారు. జవాన్ల ఎంపికకు జరిపే అగ్నివీర్ రాత పరీక్షనేమో 2025 నుంచి తెలుగుతో సహా 13 భాషల్లో పెడుతున్నారు. మంచిదే, స్వాగతిద్దాం. కానీ గమనించండి. జవాను కావడానికి తెలుగు సరిపోయింది. ఆఫీసర్ కావడానికి తెలుగు పనికిరాలేదు. తలుపు దగ్గర అడుగుతున్నది నీ చదువెంత అని కాదు, నువ్వు ఏ బడి నుంచి వచ్చావని.

కింది చివరన కూడా ఒక తలుపుంది. ఎనిమిదో తరగతితో తీసుకునే ట్రేడ్స్‌మన్ ఉద్యోగాలు రెండు: మెస్ కీపర్, హౌస్ కీపర్. హౌస్ కీపర్‌ను ఒకప్పుడు సఫాయీవాలా అనేవారు. పేరు మారింది, చీపురు మారలేదు. సైనిక నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ లేదన్న సంగతి మీకు తెలిసిందే. రిజర్వేషన్ లేని చోట ఎనిమిదో తరగతి తలుపు దగ్గర ఎవరి పిల్లలుంటారో, ఎస్‌ఎస్‌బీ గదిలో ఎవరి పిల్లలుంటారో మీరే ఊహించుకోండి.

సియాచిన్ సంగతి చూద్దాం. 2017లో సవరించిన లెక్క ప్రకారం అక్కడ పనిచేసే ఆఫీసర్‌కు నెలకు 42,500 భత్యం, జవాన్లకూ జేసీఓలకూ 30,000. బాధ్యతకు ఎక్కువ జీతమంటే నేను ఒప్పుకుంటాను. కానీ ఇది బాధ్యతకు ఇచ్చేది కాదు, చలికి ఇచ్చేది. ఆ చలి భుజం మీది నక్షత్రాలు లెక్కపెట్టి కొరకదు కదా.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. మూడు రోజులకే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పులు జరిగాయి, వరంగల్ జిల్లా కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 30 శాతం సేవానిధికి పోగా చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాది 40,000లో చేతికి 28,000. నాలుగేళ్లలో అతను కట్టేది 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో పదకొండున్నర లక్షల పైచిలుకు వస్తుంది. కరువు భత్యం లేదు, మిలిటరీ సర్వీస్ పే లేదు, పింఛను లేదు. నలుగురిలో ఒకరిని మాత్రమే ఉంచుకుంటారు. ఇందులో టెక్నికల్ అయినా, ట్రేడ్స్‌మన్ అయినా ప్యాకేజీ ఒక్కటే. చదువుకు కింది మెట్ల మీద దొరికే ఆ కొద్దిపాటి అదనం కూడా ఆ నాలుగేళ్లూ లేదన్నమాట.

సైన్యాన్ని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. మన చరిత్రలో సైన్యం బడి తలుపు తెరిచిన రోజులున్నాయి. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో 14 ఏళ్లు ప్రధానోపాధ్యాయుడు. ఊరి బడి గడప దాటనివ్వని కాలంలో కంటోన్మెంట్ బడి ఆయనకు చదువిచ్చింది, జీతమిచ్చింది, కొడుకును చదివించే ఆశ ఇచ్చింది. 1890లలో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పేరుతో బ్రిటిష్ వాళ్లు మహార్లకు ఆ తలుపు మూసేశారు. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో దాని మీద విన్నపం తయారు చేశారు. ఆ అన్యాయం మీద పోరాటం అర్ధశతాబ్దం సాగింది. 1941లో అంబేడ్కర్ రక్షణ సలహా సంఘంలో ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంట్ మొదలైంది. వాళ్లకు సైన్యమంటే జీతం ఒక్కటే కాదు. బడి, పింఛను, ఊళ్లో తలెత్తి నిలబడే హక్కు. నాలుగేళ్ల కొలువులో ఈ మూడింటిలో ఏది మిగులుతుందో ఆలోచించండి.

ఇక తమ్ముడికి నా జవాబు. డిగ్రీ ఆపకు. ఇంకో ఏడాది ఓపిక పట్టు. డిగ్రీ ఉంటే సీడీఎస్ రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఎస్సీ, ఎస్టీలకు ఫీజు లేదు. ఇంగ్లీషు భయమైతే ఈ గదిలోనే రోజూ గంట మాట్లాడుకుందాం, నవ్వేవాళ్లను నవ్వనిద్దాం. ఇప్పటికే జవానుగా ఉన్న అన్నదమ్ములకు చెప్పండి: ఇంటర్ ఉండి రెండేళ్ల సర్వీసు నిండితే, 20 నుంచి 27 ఏళ్ల లోపు ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్ కావచ్చు. ఆ దారి సంగతి చాలామందికి తెలియదు. అయినా ఇల్లు గడవక అగ్నివీర్‌కు వెళ్లక తప్పదంటే వెళ్లు, నిన్నెవరూ తప్పుపట్టరు. కానీ సేవానిధిని ఇంటి అప్పులకు ధారపోయకుండా చదువుకు కొంత దాచుకో.

ఒక్కొక్కరం ఒడ్డున పడితే సరిపోదు. 2025 అక్టోబరులో కేంద్రం 8వ వేతన సంఘం విధివిధానాలను ఆమోదించింది. మనం అడగాల్సింది ఇది: మిలిటరీ సర్వీస్ పే, సియాచిన్ భత్యం లాంటి కష్టానికిచ్చే డబ్బులు అందరికీ సమానంగా ఉండాలి. ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షలు తెలుగులోనూ పెట్టాలి. మన రాష్ట్రాల్లో కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లు, తెలంగాణ గురుకులాల రుక్మాపూర్ సైనిక్ స్కూలు, భువనగిరి మహిళా సైనిక డిగ్రీ కాలేజీ ఉన్నాయి. అలాంటివి జిల్లాకొకటి కావాలి.

మన పిల్లలు సరిహద్దుకు వెళ్లడానికి ఎప్పుడూ వెనకాడలేదు. వాళ్లు ఏ తలుపు గుండా వెళ్తారన్నది మాత్రం ఇకపై వేరే వాళ్లు తేల్చకూడదు.

జై భీమ్.