ఉద్యోగి ఫోను – యజమాని బాధ్యత

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరులయందలి మనవారి దుకాణములలోను, శిక్షణాలయములలోను వ్యాపారపు పని పెక్కుచోట్ల ఉద్యోగుల సొంత ఫోనులమీదనే సాగుచున్నది. ఉద్యోగి పని మానిననాడు కొనుగోలుదారుల పేర్లును, విద్యార్థుల చిరునామాలును ఆ ఫోనుతోనే వెడలిపోవును. ఇట్టి సమాచారమును తగిన రీతిని కాపాడని సంస్థకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునందు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్ణయింపబడినది.

కావున మూడు పనులు చేయవలయును. లెక్కల కంప్యూటర్లకు ఒక వైఫైయు, సొంత ఫోనులకు వేరొకటియు నుంచుడు. ఫోనునందు కార్యాలయపు పనికి వేరుగా నొక అర నేర్పరచి, ఉద్యోగి వెళ్లునాడు దానిని మాత్రమే తుడిచివేయుడు. ఈ నియమములను ఉద్యోగమున చేర్చుకొనునాడే వ్రాసి, యిరువురును సంతకము చేయుడు.

ఫోను ఉద్యోగి సొత్తు. అందలి కుటుంబ చిత్రములను చూచు హక్కు మనకు లేదు. వ్రాతవలన నమ్మకము బలపడునే గాని తరుగదని విన్నవించుచు విరమించుచున్నాను.