కొరియా టెలివిజను నాటకములు - బిళ్లల సంగ్రహణము



నాణెములను, తాళపత్రములను కూర్చువారిని మీరెరుగుదురు. కొరియా దేశపు టెలివిజను నాటకములను డి.వి.డి. బిళ్లలపై కొని, పెట్టెలకు పెట్టెలు ఇంట భద్రపరచుకొనువారును ప్రపంచమున పెక్కండ్రు కలరు. ఇది పొద్దుపోనివారి వేడుక యని తోసివేయరాదు. ఒక గ్రంథమును పరిష్కరించు పండితుడు పడు శ్రమయే వీరును పడుచున్నారు.

డి.వి.డి. యనునది 12 సెంటీమీటర్ల వ్యాసము గల పలుచని బిళ్ల. కంటికి కానరాని గుంటల వరుస దానిలో చుట్టలు చుట్టుకొని యుండును. ఎర్రని లేసరు కిరణము ఆ గుంటలను చదువగా బొమ్మయు, మాటయు, పాటయు వెలువడును. కొరియా నాటకము సాధారణముగా 16 లేక 20 భాగములు. ఒక్కొక్క భాగము ఇంచుమించు గంటసేపు నడచును. కావున ఒక నాటకమనగా ఒక పెట్టెడు బిళ్లలని తెలియవలెను. ఎం.బి.సి. సంస్థ 2003 సెప్టెంబరు మొదలు 2004 మార్చి వరకు ప్రసారము చేసిన 'డే జాంగ్ గుమ్' 54 భాగములు.

ఆ నాటకమునకు మూలమైన కథ వినదగినది. 1506 నుండి 1544 వరకు ఏలిన జుంగ్‌జోంగ్ రాజు కొలువున జాంగ్ గుమ్ అను వైద్యురాలుండెనని రాజచరిత్రలో కొలదిపాటి ప్రస్తావనలు మాత్రమే కలవు. ఆ కొలది మాటల నుండియే అంత నాటకము పుట్టినది. ఆ రాజచరిత్రను నాలుగు ప్రతులు వ్రాయించి, నాలుగు ఊళ్ల భాండాగారములలో నుంచిరి. 1592లో జపాను సేనలు దండెత్తినపుడు మూడు ప్రతులు అగ్నికి ఆహుతియైనవి. జొంజు నగరమందలి ప్రతిని మాత్రము ఇద్దరు పండితులు నేజాంగ్ కొండలకు మోయించి కాపాడిరి. అదియు దగ్ధమైయుండినచో జాంగ్ గుమ్ పేరు నేడు ఎవరెరుగుదురు?

అట్టి దేశముననే టెలివిజను తొలినాళ్లలో ఈ జాగరూకత లేకపోయెను. టేపు వెల హెచ్చగుటచే ప్రసారమైన నాటకమును చెరిపి, దానిమీదనే మరియొకటి ఎక్కించుచుండిరి. 1970 ప్రాంతపు నాటకములు పెక్కు ఆ విధముగా మాసిపోయినవి.

ఇక పాఠాంతరముల సంగతి. 2002లో కె.బి.ఎస్. ప్రసారము చేసిన 'వింటర్ సొనాటా' 20 భాగముల ప్రేమకథ. 2003లో జపానులో ఎన్.హెచ్.కె. సంస్థ దానిని జపాను భాషలోనికి మార్చి, అక్కడక్కడ కత్తిరించి ప్రసారము చేసినది. అచటి స్త్రీజనము దానికి ముగ్ధులై మూలమునే చూడగోరగా, 2004 డిసెంబరులో కత్తిరింపు లేని కొరియా ప్రతి ప్రసారమైనది. కావున సంగ్రాహకుడు "ఈ నాటకము నీయొద్ద కలదా?" యని యడుగడు, "ఏ ప్రతి కలదు?" అని యడుగును.

కొరియాలో వారమునకు రెండు భాగముల చొప్పున ప్రసారము చేయుచు, చిత్రణము తుదిదాక సాగించు అలవాటు చిరకాలముండెను. ఆ తొందరలో దోషములు దొరలుట సహజము. నాటకము ముగిసిన పిమ్మట దర్శకుడు తీరికగా దానిని మరల కూర్చి, విడిచిన దృశ్యములను చేర్చును. దీనిని దర్శకుని ప్రతి యందురు. అభిమానులు తామే సంఘముగా ఏర్పడి, ముందు సొమ్ము కట్టువారి సంఖ్య చాలినంత సమకూరినగాని ఇట్టి ప్రతులు పెక్కు వెలువడవు. మన పూర్వులు ముందుగా చందాలు పోగుచేసి గ్రంథములు అచ్చువేయించిన పద్ధతియే యిది. నాకిది మిక్కిలి నచ్చినది.

చిక్కులును లేకపోలేదు. బిళ్లల వర్తకులు లోకమును మండలములుగా విభజించిరి: అమెరికా 1, జపాను 2, కొరియా 3, మన దేశము 5. సియోలులో కొనిన బిళ్ల మన యంత్రమున ఆడకపోవచ్చును. ఈ విభాగము వర్తకుని లాభమునకే గాని చూపరి మేలునకు కాదు.

దొంగముద్రణ మరియొక చిక్కు. 2000 సంవత్సరమున మణిపూరులో ఒక సాయుధ సంస్థ హిందీ చిత్రములను నిషేధింపగా, ఆ లోటును కొరియా నాటకములు తీర్చినవి. ఇంఫాలు బజారులలో దొంగబిళ్లలు విరివిగా అమ్ముడైనవి. వేరు దారి లేనివారిని నేను నిందింపను. కాని ఒకే బిళ్లలో పెక్కు భాగములను కుక్కినచో బొమ్మ మసకబారును. అడుగున వచ్చు అనువాద పంక్తులు తప్పులతడకగా నుండును. అట్టిది దాచుకొనదగిన ప్రతి కాదు.

ఇంటర్నెటులో అన్నియు దొరకుచుండగా బిళ్ల యేల యని కొందరందురు. అమెరికాలో డ్రామాఫీవర్ అను సంస్థ చందాదారులకు కొరియా నాటకములను చూపుచుండెడిది. 2018 అక్టోబరు 16వ తేదీన దానిని హఠాత్తుగా మూసివేసిరి. ఏండ్ల తరబడి చందా కట్టినవారికి ఒక్క భాగమైనను చేత మిగులలేదు. బిళ్లలు కొనినవారి యలమారలు మాత్రము నిన్నటివలెనే యుండెను.

బిళ్లను అంచులతో పట్టవలెను. ఎండయు, తేమయు తగులనీయక నిలువుగా నుంచవలెను. తుడుచునపుడు చుట్టును త్రిప్పక, మెత్తని బట్టతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. ఇంట నకలు తీసిన బిళ్లలలో రంగు పూత యుండును గనుక అచ్చుబిళ్లలకంటె అవి త్వరగా చెడును. ఆడించు యంత్రములు అంగళ్లలో నానాటికి తగ్గుచున్నవి. అందుచే 3వ మండలపు బిళ్లలు గలవారు వానికి తగిన యంత్రమును గూడ ఒకటి కొని, బిళ్లల ప్రక్కనే దాచుకొనుచున్నారు.