రాకెట్టు క్రింది నీళ్లు

మన శ్రీహరికోటనుండి 1979 మొదలు ఉపగ్రహవాహనములు ఎగురుచుండుటచేత రాకెట్టనగా నేమో మీకు వేఱుగ చెప్పనక్కరలేదు. పండుగలనాటి తారాజువ్వకు అది పెద్దయన్న. నేనిప్పుడు చెప్పబోవు సంగతి మాత్రము అమెరికా దేశపుది. అచ్చట ఫ్లారిడా సముద్రతీరమున కెనడీ అంతరిక్షకేంద్రము గలదు. 1981 మొదలు 2011 వఱకు మనుష్యులను మోసికొని పోవు ‘షటిల్’ అను నౌకలు అందుండి ఎగిరినవి. నౌక లేచునపుడు దాని పాదములకడ తెల్లని మేఘము కొండవలె పొంగి నలుగడల వ్యాపించుట చిత్రములయందు చూచినవారు అదియంతయు పొగ యని తలతురు. అందు పొగయు కలదు గాని, బుద్ధిపూర్వకముగా అచ్చట కుమ్మరించిన నీరు ఆవిరియై లేచినదియు కలదు.

నీళ్లు నిప్పు నార్పుటకే గదా యని మీరడుగవచ్చును. ఆ నిప్పును ఆర్పుట సాధ్యము కాదు. ఆర్పవలయునని కోరువారును లేరు. నౌకను పైకి నెట్టునది ఆ జ్వాలయే గదా! వేదికను వేడినుండి కాపాడుటయు ఆ నీటి పనియే యైనను, అచ్చట దానిని విడుచుటకు ముఖ్యకారణము చప్పుడు.

చప్పుడుకు అంత భయమేల? పెద్దయురుము ఉరిమినపుడు గూటిలోని చెంబులు గలగలలాడుట మీరెఱుగుదురు. చప్పుడనగా గాలి కొట్టు దెబ్బ. రాకెట్టు నోటినుండి వెడలు వాయువులు శబ్దముకంటె వేగముగా పరుగెత్తుచు, కదలక నిలిచిన గాలిని ఒరసికొనునపుడు ఈ దెబ్బలు ఎడతెగక పుట్టును. అవి క్రింది కాంక్రీటును తాకి, తిరిగి పైకి లేచి, నౌకనే కొట్టును. నౌకలో మోసికొనిపోవు ఉపగ్రహములు మిక్కిలి సున్నితమైనవి. తన యరపు తనకే హానియగుట వింతయే గాని, నిజము.

దీనికై వేదికప్రక్కను 290 అడుగుల యెత్తున ఒక నీటితొట్టిని నిలిపిరి. అందు పట్టు నీరు 3,00,000 గాలనులు, అనగా 11 లక్షల లీటర్లకు పైమాట. ఒక యెకరము మడిని జానెడుకు మించిన లోతున నింపవచ్చును. నిమిషము తిరుగకమున్నే తొట్టి ఖాళీ! దీనికి పంపులు లేవు. చెరువు తూమెత్తినట్లు కవాటములు తెఱచిన చాలును. ఎత్తునుండి పడు బరువుచేతనే నీరు ఏడడుగుల వ్యాసముగల గొట్టములగుండ ఉఱుకును. వేదికపైని పండ్రెండడుగుల యెత్తుగల చిమ్ముగొట్టములు ఆఱు ఉండెడివి. వానికి ‘వానపిట్టలు’ అని పేరు పెట్టిరి. యంత్రము చేయువారికిని అప్పుడప్పుడు సరసము తోచును కాబోలు.

ఇందొక విశేషము. చప్పుడు మిక్కుటమగునది నౌక నేలపై నున్నపుడు కాదు. సుమారు 300 అడుగుల యెత్తునకు లేచినపుడు. మొదట జ్వాల వేదికలోని రంధ్రములగుండ క్రింది కాలువలోనికి దిగిపోవును. నౌక లేచినకొలది అది వేదికమీదనే పఱచుకొనును. కావున నౌక కదలిన తొమ్మిదవ సెకనునకు నీటిధార పరమావధి నందునట్లు ఏర్పఱచిరి. వేయి అడుగులు దాటినపిమ్మట భయము లేదు.

నీరు చప్పుడు నెట్లు మ్రింగును? ఎసరు మరగుటకు పట్టు సేపెంత, అదియంతయు ఇగిరిపోవుటకు పట్టు సేపెంత, మన యింటి ఆడువారి నడిగిన చెప్పుదురు. మంచువలె చల్లని నీటిని మరగించుటకు కావలసిన వేడికంటె, మరగిన నీటిని ఆవిరి చేయుటకు ఐదింతలకు మించిన వేడి కావలెను. ఆ వేడిని నీరు జ్వాలనుండియే లాగికొనును. అదిగాక, పరుగెత్తు వాయువు బరువైన నీటిబిందువులను ఈడ్చుకొని పోవలసివచ్చి వేగము కోల్పోవును. వేగము తగ్గిన రొద తగ్గును.

ఈ నీటిని ఎక్కడ పోయవలయునో తెలియుటకు మాత్రము ఇద్దఱి ప్రాణములు పణముగా పెట్టవలసివచ్చినది. 1981 ఏప్రిలు 12వ తేదీన జాన్ యంగ్, రాబర్ట్ క్రిప్పెన్ అనువారు ‘కొలంబియా’ నౌకలో మొదటిసారి ఎగిరిరి. ప్రక్కనున్న ఘనేంధనపు రాకెట్లు అంటుకొనిన క్షణమున, అనుకొనినదానికంటె మిక్కిలి బలమైన గాలిదెబ్బ క్రిందినుండి లేచి నౌకను తాకెను. ముక్కుభాగమందలి ఒక తొట్టిని పట్టియుంచు కడ్డీలు వంగెను. తిరిగివచ్చునపుడు కలుగు వేడిని తాళుటకు అతికిన పెంకులలో 16 ఊడిపోయెను, 148 చెడెను. దైవవశమున 14వ తేదీని వారు క్షేమముగ దిగిరి. ఆనాడు నీరు లేక కాదు. ఉండవలసిన చోట లేక. పిదప ఆ రాకెట్ల రంధ్రములలోనికే నీరు చిమ్మునట్లు మార్చి, రంధ్రముల నోళ్లకు అడ్డముగ నీటితో నింపిన గుడ్డతొట్లను ఉయ్యాలలవలె కట్టిరి. క్రిందినుండి లేచు దెబ్బకు ఆ నీటిబరువే అడ్డుగోడ. నవంబరు 12వ తేదీని అదే నౌక మరల ఎగిరినపుడు ఒక్క పెంకును ఊడలేదు.

ఇంత తెలిసియు, టెక్సాసు తీరమున బోకా చికా యనుచోట స్పేస్‌ఎక్స్ అను కంపెనీవారు 33 యంత్రములుగల మహానౌకను 2023 ఏప్రిలు 20వ తేదీన కాలువయు నీరును లేకయే ఎగురవైచిరి. కాంక్రీటు బ్రద్దలై, క్రింద పెద్దగొయ్యి పడెను; పెళ్లలు సముద్రములోనికి ఎగిరెను; ఆమడకు దగ్గఱగానున్న పోర్ట్ ఇసబెల్ ఊరిలో దుమ్ము రాలెను. అటుపిమ్మట నీరు పైకి చిమ్ము ఉక్కుపలకను అచ్చట అమర్చిరి. నవంబరు 18వ తేదీని రెండవ నౌక లేచినప్పుడు వేదిక నిలిచినది.

అంత నీరు తరువాత ఏమగునని రైతు అడుగక మానడు. షటిల్ ప్రక్కరాకెట్ల పొగలో హైడ్రోక్లోరికు ఆమ్లముండెడిది. ఆ ఆమ్లము నీటిలో కలిసి రాలుటచే వేదికకు చేరువనున్న లోతులేని మడుగులలో చేపలు చచ్చుటయు కలిగినది. టెక్సాసున ఆమ్లపు బాధ లేకున్నను, అనుమతి పొందక ఆ నీటిని బయటికి విడిచిరని 2024లో ప్రభుత్వాధికారులు ఆ కంపెనీపై జరిమానా వైచిరి.