నా వేలికి సిరా లేదండీ

పట్టాలు అందుకున్న పిల్లలకూ, వెనక వరసల్లో పొద్దుటినుంచీ ఓపిగ్గా కూర్చున్న తల్లిదండ్రులకూ నమస్కారం.

నేను ఈ ఊరివాణ్ణి కాను. చాలా ఏళ్ళ కిందట ఎన్నికల డ్యూటీ మీదే మొదటిసారి ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా ఇటు వచ్చాను. మన దేశంలో పోలింగ్ సిబ్బంది తమంతట తాము ముందుకొచ్చేవాళ్ళు కాదు, ఆర్డరొస్తే వెళ్ళేవాళ్ళు. నేనూ అంతే.

ఆ పోలింగ్ రోజు ఐదున్నరకే మాక్ పోల్. ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేయించి, లెక్క చూపించి, చెరిపేసి, సీలు వేసి ఏడింటికి తలుపు తీశాం. అంతవరకూ బాగానే జరిగింది.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. పూతరేకులు తీసే మనిషి. పొయ్యి ఆర్పి, ఆ పూట కూలి వదులుకుని వచ్చింది. జాబితాలో ఆవిడ పేరు కింద అప్పటికే గీత పడి ఉంది. ఎవరో వేసేశారు. ఆవిడ గొడవ పెట్టుకోలేదు. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి, "చూడండి మాస్టారూ, నా వేలికి సిరా లేదండీ" అంది.

అలాంటివారికి టెండరు ఓటు ఇవ్వాలి. యంత్రం మీద కాదు, కాగితం మీద. ఇచ్చాను. ఆవిడ ముద్ర వేసి, మడిచి ఇస్తే కవరులో పెట్టాను. మామూలు లెక్కింపులో ఆ కవరు తెరవరు. ఆ మాట ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తప్పు మాదే. మొదటి పోలింగ్ అధికారి గుర్తింపు కార్డు చూసి, పేరూ వరస నంబరూ పైకి చదవాలి. అనుమానముంటే ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. రద్దీ పెరిగేసరికి మావాడి గొంతు తగ్గిపోయింది. ప్రిసైడింగ్ అధికారినై ఉండి నేను పట్టించుకోలేదు. క్యూ చురుగ్గా కదులుతోందని సంతోషించాను.

పోలింగ్ సిబ్బంది పని ఎంత పెద్దదో చూడండి: 2024 మే 13 ఎన్నికల్లో మన రాష్ట్రంలో 81.86 శాతం మంది ఓటేశారు. ఆరింటికి క్యూలో ఉన్నవాళ్ళకి చివరి మనిషి దగ్గర్నుంచి చీటీలు పంచి, కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటినా కూర్చున్నారు మన టీచర్లూ సచివాలయ ఉద్యోగులూ. రేపు ఆ కుర్చీల్లో కూర్చునేది మీరే. ఆర్డరొస్తే మినహాయింపు కోసం తిరగకండి. ఉద్యోగం రాకముందే సాయం చేయాలనుకుంటే, వీల్‌చైర్ తోసే చేతులు ప్రతి బూత్‌కీ కావాలి.

పూతరేకుల ఆవిడ అలా వెళ్ళిన తర్వాత నాకు డ్యూటీ పడిన ప్రతిసారీ, పేరు సరిగా వినపడకపోతే మళ్ళీ చదివించాను. క్యూలో విసుక్కునేవారు. అయినా చదివించాను.