దూషించకండి, దారి చూపండి

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి, శుభాలు కురియుగాక!

సోదరులారా! నాకూ మీకూ దైవభీతిని ఉపదేశిస్తున్నాను.

కొంతకాలం క్రితం మగ్రిబ్ నమాజు ముగిసిన తర్వాత ఒక సోదరి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మన మస్జిద్ గుమ్మం వద్ద నిలిచింది. “హజ్రత్! మా ఇంటాయన పొద్దున ఒట్టు వేస్తాడు, సాయంత్రానికి తప్పుతాడు. మానాలనే ఉంది ఆయనకు. ఎక్కడికి తీసుకుపోవాలి?” అని అడిగింది. మద్యం నిషిద్ధమని నేను చెప్పాను. “ఆ సంగతి ఆయనకు తెలుసు, హజ్రత్” అన్నది. ఆమె అడిగినదానికి నా వద్ద సమాధానం లేకపోయింది. ఆలస్యంగానైనా ఆ సమాధానమే నేటి ప్రసంగం.

మద్యం విషయంలో సందేహానికి తావు లేదు. ఖుర్ఆన్ దానిని అంచెలంచెలుగా నిషేధించింది. బఖరా సూరా 219వ ఆయత్ అందులో లాభం కన్నా పాపమే అధికమని తెలిపింది. నిసా సూరా 43వ ఆయత్ మత్తులో నమాజుకు చేరువ కావద్దన్నది. మాయిదా సూరా 90, 91 ఆయత్‌లు సంపూర్ణంగా వారించాయి. అలవాటు పడిన మనిషి బలహీనత ఎలాంటిదో సృష్టికర్తకు తెలుసు.

అయితే తప్పిన వానితో మనం ఎలా మెలగాలి? మద్యం సేవించినందుకు ఒక వ్యక్తిని పదే పదే దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చేవారు. ఒకసారి అక్కడున్న వారిలో ఒకరు అతణ్ణి శపించగా ప్రవక్త (స) వారించారు. ఆ మనిషి అల్లాహ్‌నూ, ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తాడని సాక్ష్యమిచ్చారు. సహీహ్ బుఖారీలో నమోదైన ఉదంతమిది. ఇలాంటి మరో సందర్భంలో, సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని ఆయన హెచ్చరించారు. తాగినవాడు మస్జిద్‌కు వస్తే ముక్కు మూసుకొని పక్కకు జరిగే మనం ఎవరికి తోడ్పడుతున్నాం? ఆలోచించండి.

పూర్వకాలపు మరొక వ్యక్తి గాథను కూడా ప్రవక్త (స) వినిపించారు. నూరుగురిని చంపిన అతడు పశ్చాత్తాపానికి మార్గమున్నదా అని ఒక పండితుణ్ణి అడిగాడు. మార్గమున్నదని చెప్పి ఆ పండితుడు ఊరకుండలేదు. నీ ఊరు చెడ్డది, సజ్జనులున్న ఫలానా ఊరికి వెళ్లమని దారి చూపాడు. ఆ మనిషి దారిలోనే మరణించాడు. దూరం కొలిచి చూస్తే, చేరవలసిన ఊరికే జానెడు దగ్గరగా ఉన్నాడు. అల్లాహ్ అతణ్ణి క్షమించాడు. తౌబాకు హృదయంతో పాటు సహవాసమూ మారాలి. ఆ దిశగా వేసిన ప్రతి అడుగూ లెక్కలోకి వస్తుంది.

నా కొరకూ, మీ కొరకూ అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాను.

రెండవ ఖుత్బా

సోదరులారా! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై పోరాడారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. అంగడి మూతపడినా, తెరచుకున్నా, వ్యసనానికి లోనైన వానికి వైద్యం కావాలి, తోడు కావాలి.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో, తాగుడు మానిన ఒక వ్యాపారి తిరిగి తాగుతానేమోనని భయపడ్డాడు. ఒక పాదరీకి ఫోన్ చేసి, తనలాంటి మరొక తాగుబోతుతో మాట్లాడించమని వేడుకున్నాడు. ఆ పాదరీ తనకు తెలిసిన వారి పేర్లు ఇచ్చాడు. ఆ ఆధారంతో అతడు ఒక శస్త్రవైద్యుణ్ణి కలుసుకున్నాడు. ఆ ఇద్దరి సంభాషణ నుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఆనాడు ఆ పాదరీ వద్ద ఉన్న సమాధానం మన గుమ్మం వద్ద నాకు లేకపోయింది.

ఆ సమావేశాలలో రుసుము లేదు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత. అక్కడ విన్నది బయట చెప్పరు. జీవితాంతం మానతానని ఒట్టు వేయించరు, ఈ ఒక్క రోజు మానమంటారు. అది ఏ మతానికీ చెందినది కాదు. సమావేశం చర్చి ఆవరణలోని గదిలో జరిగినా సంకోచించవద్దు. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఆసుపత్రి ఎవరు కట్టించారని మనం అడగము కదా! కుటుంబీకుల కొరకు అల్‌అనాన్ అనే సమావేశాలు వేరుగా ఉన్నాయి.

మార్గం ఇది. 14446 జాతీయ వ్యసన విముక్తి సహాయవాణి. 14416 టెలీమానస్, మానసిక ఆరోగ్య సహాయవాణి. రెండూ ఉచితం. సమీపంలో సమావేశం ఎక్కడ, ఏ రోజున జరుగుతుందో విచారించండి. తర్లుపాడులో లేకపోతే మార్కాపురంలో, అక్కడా లేకపోతే ఒంగోలులో అడగండి. ఫోన్ ద్వారా జరిగే సమావేశాలూ ఉన్నాయి.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి అధికంగా తాగినవాడు రమజాన్ నెలవంక చూసి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, మూర్ఛలు, మతిభ్రమ కలగవచ్చు, ప్రాణాపాయం కూడా ఏర్పడవచ్చు. ముందుగా వైద్యునికి చూపించండి. ఇది విశ్వాస లోపం కాదు, శరీర ధర్మం.

మొదటి సమావేశానికి ఒంటరిగా వెళ్లడం కష్టం. మీలో ఒకరు అతనితో కలిసి బస్సెక్కండి. గది గుమ్మం దాకా తోడు వెళ్లండి, తిరిగి వచ్చేదాకా బయట కూర్చోండి. పోయిన విషయం ఊరిలో చెప్పకండి. సోదరుని లోపాన్ని కప్పిన వాని లోపాన్ని అల్లాహ్ కప్పుతాడు. అతడు మళ్లీ తప్పినా మళ్లీ తోడు వెళ్లండి.

ఓ అల్లాహ్! ఈ వ్యసనంలో చిక్కుకున్న మా సోదరులకు విముక్తి ప్రసాదించు. వారి కొరకు రాత్రులు మేలుకొనే భార్యలకు, తల్లులకు ఊరట కలిగించు. దారి అడిగిన వారికి దారి చూపే భాగ్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.