కరెంటు వద్దనడం లేదు, అడిగి రమ్మంటున్నాం

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మాదన్నపేటలో హాస్టల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మేము హాస్టల్ నడిపేవాళ్లం. ఆటపాటలు అయ్యాక మైకు మా చేతికి ఇచ్చారు కాబట్టి ఎక్కువసేపు మాట్లాడం. వేసవి సెలవుల తర్వాత మా హాస్టల్లో జరిగిన ఒక్క సంగతి చెప్తాం.

ఊరెళ్లి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి ఫోన్లో ఫోటో చూపించింది. వాళ్ల బాపు పోడు చేలో, జొన్న వేసే చోట, ఎర్ర రంగు పూసిన రాయి. ఎవరో వచ్చి కొలతలు తీసి పాతి పోయారట. పెద్ద కరెంటు లైన్ వస్తుందన్నారట. బాపుతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నకలు కూడా ఇవ్వలేదు.

ఆ రాత్రి స్టడీ అవర్లో పుస్తకాలు పక్కకు పోయాయి. లైన్ అడ్డుకోవాలని కొందరు, పైసలొస్తాయి కదా అని కొందరు. చివరికి ఒక ఇంటర్ అమ్మాయి అడిగింది: "మేడం, మనం ఈ ట్యూబ్‌లైట్ కింద చదువుకుంటున్నాం. ఈ కరెంటు కూడా ఎవరి చేను మీదనుంచో వచ్చిందే కదా. మనమే లైన్ వద్దంటే ఎట్లా?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. మాదన్నపేట సందుల్లో తలెత్తి చూస్తే ఆకాశం కన్నా వైర్లే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే వారం రోజులు పిల్లలతో కలిసి చట్టాలు చదివాం. అర్థమైనంత మీ ముందు పెడుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. అడవిలో 400 కె.వి. లైనుకు 46 మీటర్ల వెడల్పు దారి కావాలి. అంటే ఒక్క కిలోమీటరుకు 4.6 హెక్టార్లు, మన లెక్కలో పదకొండు ఎకరాలకు పైనే. ఆ దారిలో చెట్టు ఎత్తుగా పెరగనివ్వరు. ఒక ఇప్ప చెట్టు పువ్వు రాల్చే వయసుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీ అవ్వలను అడగండి.

రెండోది భూమి సంగతి. లైన్ వేసేవాళ్లు భూమి కొనరు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వాళ్లకు ఇవ్వొచ్చు. భూమి మన పేరు మీదే ఉంటుంది, వాడుకునే హక్కు వాళ్లకు పోతుంది. మనవాళ్లు "భూమి పోలేదు కదా" అని ఊరుకుంటారు. తర్వాత ఆ తీగల కింద ఇల్లు కట్టలేరు, చెట్టు పెంచలేరు. అడ్డుపడితే కలెక్టర్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. పరిహారం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి పోవాలి.

పరిహారం గురించి కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ 14న మార్గదర్శకాలు ఇచ్చింది. టవర్ కాళ్ల కింది భూమికి విలువలో 200 శాతం, తీగల కింది దారికి 30 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఏ విలువలో? ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల గిరిజనేతరులకు భూమి అమ్మకూడదు. అటవీ హక్కు పట్టా భూమి వారసులకు వస్తుంది కానీ ఎవరికీ అమ్మడానికి లేదు. ఆ చట్టాలు మన రక్షణ కోసమే వచ్చాయి, వాటిని వదులుకోం. కానీ అమ్మకాలే లేని చోట ధర ఎలా కడతారు? ఈ ప్రశ్న మొదటి రోజే అడగాలి.

మూడోది గ్రామసభ. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ఊరికి కావలసిన బడి, రోడ్డు, కరెంటు లైన్ వంటి వాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చంటుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. పెద్ద లైనుకు కేంద్రం నుంచి అటవీ అనుమతి కావాలి. దానికి గ్రామసభ సమ్మతి ఉండాలని 2009 ఆగస్టు 3న కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తరం ఇచ్చింది. 2013 ఫిబ్రవరి 5న అదే శాఖ, రోడ్లు, కరెంటు లైన్ల వంటి పొడుగు ప్రాజెక్టులకు ఆ సమ్మతి అక్కర్లేదంది. ఆదిమ తెగల హక్కులు దెబ్బతినే చోట మాత్రం మినహాయింపు లేదు. మన కోలాములు, చెంచులు, తోటిలు, కొండరెడ్లు ఆ తెగలే. ఇంకా, 4(5) సెక్షన్ ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవారిని అటవీ భూమి నుంచి తొలగించకూడదు. అందుకే మీ ఇంటి దరఖాస్తు ఏ దశలో ఉందో తెలుసుకోండి.

ఇప్పుడు ఆ ఇంటర్ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం చూడండి. అక్కడ పెదకోట వంటి చోట్ల కరెంటు కోసం పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు తలపెట్టారు. మా భూములు, వాగులు ఏమవుతాయని ఆదివాసులు ఆందోళనకు దిగారు. అదే మండలంలో 17 కుటుంబాలున్న గూడెం అనే ఊరికి మొదటి బల్బు వెలిగింది 2025 నవంబర్‌లో. ఆ ఊరికి స్తంభాలు కొండెక్కించి లైన్ వేశారు. మనవాళ్లకు కరెంటు మీద కోపం లేదు. తమ వాగు, తమ చెట్టు పోతుంటే తమను ఒక్క మాట అడగలేదన్నదే బాధ.

అడిగితే ఏమవుతుందో ఒడిశాలో నియంగిరి చూపించింది. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక బాక్సైట్ తవ్వకం మీద 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి.

మా అమ్మాయి సమాచార హక్కు కింద ఆ కాగితం నకలు అడిగింది. వచ్చింది. అందులో "నాకు అభ్యంతరం లేదు" అని ఉంది. బాపు అది విని చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత ఊరు కూర్చుంది. సభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి అన్న నియమం చదివి వినిపించింది ఆ అమ్మాయే. లైన్ను ఊరి చేలకు పక్కగా మళ్లించమని తీర్మానం రాసి పంపారు. జవాబు ఇంకా రాలేదు. రాయి ఇంకా చేలోనే ఉంది. గెలిచామని మీకు అబద్ధం చెప్పం. ఒక్కటి మాత్రం తెలిసింది: టవర్ గుంత తవ్వాక దారి మళ్లించడం కష్టం, సర్వే రాయి పాతిన రోజే కదలాలి.

పిల్లలూ, దసరా సెలవులకు పోయేటప్పుడు బ్యాగులో తెల్ల కాగితాలు, పెన్ను పెట్టుకోండి. ఊళ్లో ఎవరైనా కాగితం తెస్తే పెద్దలకు మన భాషలో చదివి చెప్పండి. నకలు చేతికి వచ్చేదాకా వేలిముద్ర వేయొద్దనండి. డబ్బు తీసుకుంటానన్న ఇంటితో కొట్లాడకండి, వాళ్ల అవసరం వాళ్లది. వాళ్లకూ ఆ కాగితమే చదివి వినిపించండి.